అందరూ రెండో ల్యాబ్‌లోనే

"ఒరేయ్ కళ్ళజోడూ! ఆ పేజీ పీకెయ్‌రా, లేకపోతే మా పీకలు తెగుతాయి" అంటూ బండోడు ప్రాజెక్టు గది తలుపు తోసుకుని వచ్చిపడ్డాడు.

కళ్ళజోడు కుర్చీలోంచి లేవలేదు. తిండీ నిద్రా మానుకుని కట్టిన వెబ్‌పేజీ అది. స్నేహితుడి పేరు కొడితే చాలు, యూనివర్సిటీలో ఏ ల్యాబ్‌లో ఏ కంప్యూటరు ముందున్నాడో చెప్పేస్తుంది. ఇక ఒకణ్ణి పట్టుకోవడానికి భవనాలన్నీ చుట్టి మోకాళ్ళు అరగదీసుకోనక్కర్లేదు.

"ఏం, పనిచెయ్యట్లేదా?" అన్నాడు గాభరాగా.

"చేస్తోందిరా నాయనా, అదే మా ఖర్మ! హెడ్ మేడమ్ చూడ్డానికొస్తోంది. మా పేర్లు కొట్టిందా, చచ్చామే."

ల్యాబ్‌లో లాగిన్ అయితే హాజరు పడ్డట్టే. చదివేవాళ్ళకైనా, చెప్పేవాళ్ళకైనా అదే లెక్క. ముఠాలో కోడిపుంజు అనేవాడొక్కడే పొద్దున్నే లేస్తాడు. రెండో ల్యాబ్‌కి పోయి, వరసగా అందరి పేర్లతోనూ లాగిన్‌లు కొట్టేస్తాడు. మిగతావాళ్ళు ముసుగుతన్ని పడుకుంటారు. ఇది కళ్ళజోడుకి తెలియక కాదు. పేజీ కట్టే సంబరంలో బుర్రకి తట్టలేదు.

అంతలో మేడమ్ రానే వచ్చింది. బండోడు బీరువా వెనక్కి దూరాడు. సగమే పట్టాడు.

"ఏదీ, నీ స్నేహితుల పేర్లు కొట్టు చూద్దాం" అంది మేడమ్.

కళ్ళజోడు ఒక్కొక్క పేరే కొట్టాడు.

"అబ్బో, అందరూ రెండో ల్యాబ్‌లోనే! ఎంత బుద్ధిమంతులో!" అని మురిసిపోయి, బీరువా వైపు చూసింది. "మరి ఆ పొట్ట ఎవరిది?"

పొట్ట బయటికొచ్చింది, వెనకాలే బండోడు.

"పేజీ తప్పు మేడమ్. వీడికి ఏమీ రాదు, ఊరికే తెలిసినట్టు పోజు కొడతాడు."

"తప్పు పేజీదైతే ఇప్పుడే తీసిపారేయిస్తా. మీదైతే ఒక్కడు కూడా పరీక్ష రాయడు. ఏది నిజం?"

బండోడు కన్ను గీటాడు. ఒప్పుకోరా బాబూ అని చేతులు జోడించాడు. కళ్ళజోడు ఒప్పుకుందామనే అనుకున్నాడు. కానీ కన్నబిడ్డని ఎదురుగా నిలబెట్టి తిడితే ఎవడూరుకుంటాడు?

"నా పేజీ తప్పు చెప్పదు మేడమ్!" అని అరిచాడు. "కావాలంటే మీ పేరే కొడతా. మీరిక్కడే ఉన్నారు కాబట్టి ఏ ల్యాబూ చూపించదు, చూడండి!"

"వద్దు" అంటూ మేడమ్ చెయ్యి అడ్డం పెట్టేలోపు టకటకా కొట్టేశాడు. తెర మీదది చదివాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"మేడమ్... మీరు పొద్దుట్నుంచీ మూడో ల్యాబ్‌లో క్లాసు చెబుతున్నారు."