పై సెక్షన్, కింది సెక్షన్

"కొంచెం గట్టిగా చెప్పండమ్మా, నాకేం వినపడట్లేదు," అన్నాడు బీమా ఆఫీసు పై సెక్షన్ గుమస్తా, కాగితాల మీంచి తలెత్తకుండానే.

టీచరమ్మ పక్కనే నిలబడ్డ చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది.

"గొంతు పోయిందనే కదయ్యా దరఖాస్తు పెట్టుకుంది! గట్టిగా ఎలా చెబుతుంది?"

"మీరెవరు?"

"చెల్లెల్ని."

"దరఖాస్తుదారు స్వయంగా చెప్పుకోవాలి. అది రూలు. మీరు కాసేపు నోరు మూసుకోండి."

టీచరమ్మ చెల్లెలి చెయ్యి నొక్కి, సంచిలోంచి నోటుపుస్తకం తీసి రాసింది. 'థైరాయిడ్ ఆపరేషన్‌లో గొంతు నరం దెబ్బతింది. ఇక మాట రాదని డాక్టర్లు తేల్చేశారు.'

ఇరవై రెండేళ్ళుగా ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పిన మనిషి. ఒక్క 'ఊఁ'తో క్లాసంతటినీ కూర్చోబెట్టిన గొంతులోంచి ఇప్పుడు ఉత్త గాలి వస్తోంది. ఉద్యోగంతో సంబంధం లేని జబ్బు చేసి పని చెయ్యలేకపోయినా సగం జీతం ఇస్తామని ప్రభుత్వం బీమా పెట్టింది. దానికోసం మొదటి నెల నుంచీ ఆమె జీతంలో కోత కోసింది. కోసుకున్నన్నాళ్ళూ గట్టిగా చెప్పమని ఎవరూ అడగలేదు.

గుమస్తా ఆమె రాసింది చదివి పెదవి విరిచాడు.

"టీచర్లకి గొంతు ఎందుకు పోతుందమ్మా? పాఠాలు చెప్పి చెప్పి పోతుంది. అంటే ఉద్యోగం వల్లే వచ్చినట్టు. మేం ఉద్యోగంతో సంబంధం లేని జబ్బులే చూస్తాం. ఇది కింది సెక్షన్ కేసు. మా సారు అలాగే రాశారు."

'మీ సారును కలవవచ్చా?' అని రాసింది టీచరమ్మ.

"మా సారు కాగితాల్ని చూస్తారు. మనుషుల్ని చూడరు."

అక్కచెల్లెళ్ళు మెట్లు దిగారు. కింది సెక్షన్ గుమస్తా కళ్ళజోడు సవరించుకుంటూ ఫైలు తిరగేసింది.

"ఆపరేషన్ మీ బళ్ళో చేశారా?"

చెల్లెలు తెల్లబోయింది. "బళ్ళో ఆపరేషన్ ఏమిటమ్మా? ఆసుపత్రిలో చేశారు."

"చూశారా మరి! బళ్ళో జరిగితేనే మా కేసు. దీనికీ ఉద్యోగానికీ ఏం సంబంధం? పైకెళ్ళండి. మా సారు అప్పుడే రాసి పడేశారు."

అలా మొదలైంది బంతాట. పై సెక్షన్ కిందికి ఒక ఉత్తరం రాసేది, కింది సెక్షన్ పైకి ఒకటి రాసేది. రెండింటి నకళ్ళూ టీచరమ్మ ఇంటికి వచ్చేవి. 'కింది సెక్షన్ వారికి నిబంధనలు చదివే అలవాటు లేకపోవడం విచారకరం' అని పైనుంచి. 'పై సెక్షన్ అధికారి తన పనిని మా నెత్తిన రుద్దుతున్నారు. వారి భాష మిక్కిలి అభ్యంతరకరం' అని కిందినుంచి. నాలుగు నెలలు గడిచాయి. ఒకరినొకరు తిట్టుకోవడంలో ఉన్న చురుకుదనంలో వీసమెత్తు ఆమె ఫైలు మీద పెట్టినా పని ఏనాడో అయిపోయేది.

ఈలోగా బడి నుంచి తాఖీదు వచ్చింది. నెలాఖరులోగా డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం వదులుకున్నట్టే లెక్క. వదులుకుంటే బీమా కూడా పోతుంది. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. బోర్డు మీద లెక్కలు రాస్తూ నెట్టుకురావచ్చులెమ్మని ఒక రోజు వెళ్ళి చూసింది. వెనక బెంచీలో ఇద్దరు ఆడపిల్లలు కొట్టుకుంటూ ఉంటే, ఒకదాని చేతిలోని కంపాస్ ముల్లు రెండోదాని కంటిదాకా వెళ్ళింది. 'ఆగు' అని అరవబోయింది. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. పరుగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు కూడా పక్కగదిలో ఉన్న చెల్లెలికి వినపడలేదు.

మర్నాడు చెల్లెలు అక్కను వెంటబెట్టుకెళ్ళి బీమా ఆఫీసు అటెండరును పట్టుకుంది.

"ఆ ఇద్దరు సార్లకీ పడదా బాబాయ్?"

"నన్ను లాగకండమ్మా ఆ గొడవలోకి," అన్నాడతను చుట్టూ చూసి. "వాళ్ళిద్దరూ ఎదురుపడగా నేనైతే ఎప్పుడూ చూళ్ళేదు."

"చూశావా అక్కా? పాత పగేదో ఉంది. బళ్ళో పిల్లలిలా చేస్తే ఏం చేస్తావు?"

'ఇద్దర్నీ తీసుకొచ్చి నా ముందు కూర్చోబెడతాను' అని రాసింది టీచరమ్మ. రాసి, అక్కణ్ణుంచి నేరుగా డైరెక్టరు గదికి నడిచింది.

డైరెక్టరు వచ్చి మూడు రోజులే అయింది. ఉత్తరాలన్నీ వరసగా చదివి ముఖం ఎర్రబరుచుకున్నాడు.

"ఇవి మా ఆఫీసు నుంచే వచ్చాయా?"

టీచరమ్మ తలూపింది. ఆయన బెల్లు కొట్టాడు.

"రెండు సెక్షన్ల ఆఫీసర్లనీ రమ్మను. ఈ టేబుల్ దగ్గరే తేలాలి. ఎవరో ఒకరు సంతకం పెట్టేదాకా ఈవిడ ఇక్కణ్ణుంచి కదలరు."

అటెండరు ఏదో చెప్పబోయి, బుర్ర గోక్కుని, రెండు కుర్చీలు వేసి వెళ్ళాడు. కాసేపటికి ఒక సన్నపాటి మనిషి వంగి వంగి నమస్కారం పెడుతూ లోపలికొచ్చాడు.

"కూర్చోండి. ఆ రెండో ఆయన్ని కూడా రానివ్వండి," అన్నాడు డైరెక్టరు.

అతను కుర్చీ అంచున కూర్చుని చెమట తుడుచుకున్నాడు. రెండు నిమిషాలైంది. ఐదు నిమిషాలైంది. రెండో కుర్చీ ఖాళీగానే ఉంది. ఉత్తరాల్లో అంత పౌరుషం ఒలకబోసినవాడికి ఎదుట కూర్చునే ధైర్యం లేదన్నమాట అనుకుని టీచరమ్మ ఈసడింపుగా నవ్వుకుంది. వచ్చినవాడైనా ఎవరో తెలుసుకుందామని నోటుపుస్తకం అతని ముందుకు తోసింది. 'మీరు ఏ సెక్షన్ సార్?'

అతను చదివాడు. ఒకసారి డైరెక్టరు వైపు చూసి తల దించుకున్నాడు.

"పొద్దున పై సెక్షనమ్మా, మధ్యాహ్నం కింది సెక్షను."