విడిచిన చుక్క

జగన్నాథరాజా కూతుర్ని బోర్డులు రాసే పెరియసామి దోచుకున్నాడు. ఇందులో రెండో మాట లేదు.

కన్నతండ్రితో నాచ్చియార్ రోజుకు రెండు మాటలే మాట్లాడేది. “అన్నం పెట్టినాను.” “తాళం అక్కడ ఉంది.” అంతే.

శుక్రవారం తళవాయిపురం బస్సు దిగి పెరియసామి వాకిట్లోకి వస్తే చాలు, పిల్లకు నోరు వచ్చేది.

మొదట వాడు వచ్చింది రాజా పత్తి మిల్లుకు కొత్త బోర్డు రాయడానికి. నిచ్చెన మీద నిలబడి, కుంచె ఎత్తకుండా అక్షరం చుట్టడం చూసి, పదిహేడేళ్ళ పిల్ల తనకూ నేర్పమంది. రాజా తలూపాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

వాడి పాఠం కూడా ఒక్కటే. తడిపిన నేల మీద సున్నపునీళ్ళతో, చెయ్యి ఎత్తకుండా గీత లాగాలి.

ఊయల మీద కూర్చుని రాజా వాళ్ళ మొహాలే చూసేవాడు. నేల మీద ఏముందో ఒక్కనాడూ చూడలేదు.

ఒకరోజు ఆమె వాడికి కాఫీ ఇచ్చింది. రాజా ఇత్తడి లోటాలో.

“నా లోటానా వాడికి?”

“కడిగి పెడతాను నాయనా.”

“వాడికి చక్కెర ఎంతో నీకు తెలుసు. నేను చక్కెర మాని రెండేండ్లయింది. అది తెలుసునా?”

పెరియసామి లోటా కింద పెట్టేశాడు. “నాకు నీళ్ళు చాలు, పాపా.”

పిల్ల కళ్ళు నిండాయి. తండ్రి కోసం ఏనాడూ నిండని కళ్ళు.

ఎండాకాలంలో మద్రాసు చిత్రకళా పాఠశాల నుంచి ఫారం వచ్చింది. తండ్రి సంతకం లేకపోతే చెల్లదు.

పెరియసామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “రాజా, పాపకు మంచి చెయ్యి ఉండాది. ఫారం మీద ఒక్క కైయెళుత్తు, సంతకం పెట్టండి.”

“నీకెట్ల తెలుసురా?”

“ఆ చెయ్యి నాకు తెలుసు, రాజా.”

“నా బిడ్డ చెయ్యి నీకు తెలుసునా? కన్నది నేనా, నువ్వా?”

పెరియసామి తల దించి నేల మీది గీతను చూశాడు.

“మూడు గంటల బస్సు ఉంది, ఎక్కు. మళ్ళీ ఈ వాకిట కనిపిస్తే కుక్కను విడుస్తాను.”

రాజపాళయం వేటకుక్క ఎలాంటిదో ఆ చుట్టుపక్కల ఎవరికీ చెప్పక్కర్లేదు.

వాడు పోయాడు. కుంచె మరిచిపోయాడు. నాచ్చియార్ దాన్ని దిండు కింద పెట్టుకుంది. ఆనాటి నుంచి తండ్రికి ఆ రెండు మాటలు కూడా లేవు.

ఇరవై రోజులకు కబురు వచ్చింది. సినిమా బోర్డు రాస్తూ నిచ్చెన మీది నుంచి పడి పెరియసామి చచ్చిపోయాడు.

“నేను పోయి వస్తాను,” అంది నాచ్చియార్.

“నేనే పోతాను. ఆ కుంచె ఇట్లా ఇయ్యి.”

వాడి వస్తువు ఒక్కటీ ఇంట్లో ఉండకూడదు. వాడు నిజంగానే పోయాడో లేదో కూడా చూసి రావాలి.

తళవాయిపురంలో ఒంటిగది ఇల్లు. గడప ముందు సిమెంటు మీద, చెరిగిపోకుండా తెల్లరంగుతో వేసిన ముగ్గు. చుక్కలన్నిటినీ చుట్టి వచ్చిన గీత, కుడి మూల ఒక్క చుక్కను మాత్రం బయటే విడిచిపెట్టింది.

రాజా కాలు ఆగిపోయింది.

ఆ చుక్క కోసం ఆయన భార్య రుక్మణిని ఎన్నిసార్లు తిట్టాడో. “రోజూ ఒకటి విడిచిపెడతావు, కళ్ళు లేవా?” ఆమె నవ్వేది. “బయటికి పోయినవాళ్ళు తిరిగి వచ్చేదాకా ఒక చుక్క కాచుకోని ఉండాల.” నాచ్చియార్‌కు రెండేళ్ళప్పుడు ఆమె పోయింది. ఆ ముగ్గు ఆయన మరే వాకిట్లోనూ చూడలేదు.

“ఇది ఎవరు నేర్పించినారు?”

పెరియసామి భార్య మారియమ్మాళ్ కొంగుతో మొహం తుడుచుకుంది.

“మీ ఇంటి అమ్మే, అయ్యా. మా ఆయన అప్పుడు కూలోడు. మీ కల్యాణమైన ఏడు మీ గోడలకు సున్నం కొట్టను పోయినాడు. ‘ఇంత మంచి చెయ్యి సున్నానికేనా’ అని అమ్మ వాకిట్లోనే గీత నేర్పించింది. అమ్మ నేర్పిన గీత అమ్మ బిడ్డకు ఇచ్చేయాలని వారం వారం బస్సెక్కినాడు.”

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే మీరు చచ్చినామెను సందేహపడతారని.”

రాజా కుంచె ఆమెకు ఇవ్వలేదు. వెనక్కి తెచ్చాడు.

ఇంటి వాకిట్లో పాత పాఠం ఇంకా చెరగలేదు. తెల్లగా ఆరిన గీత. కుడి మూల ఒక చుక్క.

గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఆయన ఫారం మీద సంతకం పెట్టి, కుంచె దానిమీద ఉంచాడు.

నాచ్చియార్ కుంచె చేతిలోకి తీసుకుంది. “నాకు నేర్పిన వాద్యార్‌కు గీత ఎవరు నేర్పించినారో అక్కడ అడిగినారా, నాయనా? నేను అడిగితే ఆయన నవ్వి ఊరుకునేవారు.”

తనకు మిగిలింది రుక్మణి ఒక్కతే. ఆమెను కూడా ఈ పిల్లకూ, చచ్చినవాడికీ ఇచ్చేయడం ఆయన వల్ల కాలేదు.

“లేదు,” అన్నాడు రాజా. “వాడి మాట ఈ ఇంట్లో ఇంక ఎత్తకు.”

ఆయనా మళ్ళీ ఎత్తలేదు.