అద్దంలోంచి ఎండ

“రోజూ ఎండలోనే కూర్చుంటున్నాడు కదండీ, మరెందుకు పెరగలేదు?” అంది తల్లి.

డాక్టరు చేతిలో రక్తపరీక్ష ఫలితం ఉంది. విటమిన్ డి ఈసారీ అట్టడుగునే ఉంది. ఆయన కిటికీవైపు చూశాడు. మూసి ఉన్న పెద్ద అద్దాల పక్కన, ఒళ్ళంతా ఎండ పరుచుకుని, ఆమె కొడుకు కుర్చీలో కూర్చుని దగ్గుతున్నాడు.

“ఒక్కొక్కరి ఒంటి తత్వం అమ్మా.”

“తత్వం కాదు బాబూ, వీడి మొండితనం. పోయిన చలికాలం న్యుమోనియా. వానాకాలంలో ఏదో వైరస్ అన్నారు. అది తగ్గీ తగ్గకముందే మళ్ళీ ఈ దగ్గు. ఊళ్ళో జలుబులన్నీ వీడి అడ్రసే కనుక్కుని వస్తాయా?”

కొడుకు నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. “నువ్వు కాక నన్ను చూడ్డానికి వచ్చేవి అవేనమ్మా. పొమ్మంటే ఏం బాగుంటుంది?”

“నోర్ముయ్.”

“ఈ విటమిన్ బాగా తక్కువున్నవాళ్ళకి ఇలాంటివి తొందరగా పట్టుకుంటాయంటారు,” అన్నాడు డాక్టరు, మాటలు ఏరుకుంటూ. “అదొక్కటే కారణమని చెప్పలేం.”

“ఒక కారణమైతే అయింది కదా. దాన్నైనా సరిచెయ్యండి.” ఆమె కొడుకువైపు తిరిగింది. “వారం వారం ఇచ్చే పొడి పాలల్లో కలుపుకుని తాగుతున్నావా?”

“తాగుతున్నాను.”

“నా మీద ఒట్టు?”

కొడుకు తల దించుకున్నాడు. మందుల బల్ల తుడుస్తున్న వార్డు పెద్దాయన ఇక ఆగలేకపోయాడు.

“చెప్పకూడదు గానీ చెల్లెమ్మా, తాగేది వీడు కాదు, ఆ వాష్‌బేసిన్. ఈపాటికి దానికి ఎముకలు గట్టిపడి ఉంటాయి. ఇక ఎండంటావా, అద్దంలోంచి వచ్చేది ఒట్టి వేడేనట. దానివల్ల ఒంట్లో విటమిన్ తయారవదట. డాక్టరుగారే ఓసారి అన్నారు.”

తల్లి మెల్లగా డాక్టరువైపు చూసింది. “తెలిసే అక్కడ కూర్చోనిచ్చారా?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినంత మసకేమీ దానిమీద లేదు.

“మీకూ పిల్లలు ఉండే ఉంటారు,” అని ఆమె విసవిసా సూపరింటెండెంటు గదికి వెళ్ళింది.

సూపరింటెండెంటు అంతా విని డాక్టర్ని పిలిపించాడు. “తల్లంటే ఇలా ఉండాలి. విన్నారా డాక్టర్? వీడి సంగతి ఏమైందని పైవాళ్ళు అడగని వారం లేదు. ఇంకా నయం కాలేదని రాయలేక చస్తున్నాను. రేపట్నుంచి ఆవరణలో, ఎండలో కూర్చోబెట్టండి. పొడి ఈవిడ వచ్చినప్పుడు ఈవిడ చేత్తోనే తాగించండి.”

ఆమె రెండు చేతులూ జోడించింది. “మీ కడుపు చల్లగా ఉండాలి బాబూ.”

ఆమె వెళ్ళిపోయాక డాక్టరు కుర్చీ లాక్కుని కొడుకు పక్కన కూర్చున్నాడు. “ఆవిడకి నిజం చెప్పేస్తాను.”

“వద్దు. నయమైతే ఇంటికొచ్చేస్తానని చెప్పాను. ఆ మాట మీదే తింటోంది, నిద్రపోతోంది.”

“ఎన్నాళ్ళు దాస్తావు?”

“దాగినన్నాళ్ళు.”

“ఆవిడ చేత్తో పాలిస్తే కాదనగలవా?”

“అదే నా భయం.”

మరుసటి వారం ఆమె పొడి కలిపిన గ్లాసు పట్టుకుని కొడుకు ఎదుట నిలబడింది. అతను మొహం తిప్పుకున్నాడు.

“ఆకలి లేదు.”

“సరే. నువ్వు తాగేదాకా నేనూ పచ్చి మంచినీళ్ళు ముట్టను.”

అన్నంత పనీ చేస్తుందని అతనికి తెలుసు. “అమ్మా, ఇలాగే ఉంటే ఏం? నువ్వు ఇలాగే వస్తూ ఉండు. నేను ఇలాగే దగ్గుతూ ఉంటాను. మనకి బాగానే ఉంది కదా.”

“చెట్టంత కొడుకు దగ్గుతూ కూర్చుంటే ఏ తల్లికి బాగుంటుందిరా? ఇంటికి రావాలని లేదా నీకు?”

అతను గ్లాసు పట్టుకున్న ఆమె వేళ్ళను చూశాడు. రోజంతా చొక్కాలకి బొత్తాలు కుట్టి కుట్టి వాటి చివరలు బండబారాయి. గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. ఆమె అతని పైపెదవి మీది పాలచారను బొటనవేలితో తుడిచింది.

ఆ వారం నుంచి పొడి తప్పలేదు, ఎండ తప్పలేదు. నీడ జరిగినప్పుడల్లా పెద్దాయన కుర్చీ జరిపేవాడు. “పెళ్ళికొడుక్కి కూడా ఇంత సేవ ఉండదురా,” అని వేళాకోళమాడేవాడు. దగ్గు తగ్గింది. మొహానికి రంగు వచ్చింది. చలి మొదలవగానే అక్కడంతా ఫ్లూ తిరిగింది. మంచాలు నిండిపోయాయి, చివరికి పెద్దాయన కూడా పడకేశాడు. కొడుక్కి తుమ్మైనా రాలేదు.

“చూశారా బాబూ, ఇప్పుడెలా ఉన్నాడో!” అంది తల్లి. డాక్టరు తలూపాడు.

ఆమె బయట బల్లమీద కూర్చుని ఉండగా ఆయన కొడుకు వీపుమీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నాడు. తీశాడు. మళ్ళీ ఆనించాడు.

“ఏమైనా ఉందా?”

“లేదు.”

“ఇంకోసారి వినండి.”

ఇంకోసారి విన్నాడు. ఊపిరి శుభ్రంగా ఆడుతోంది. ఆయన పూర్తి ఆరోగ్యం అని రాసి సంతకం పెట్టాడు. సూపరింటెండెంటు అది చూసి “అమ్మయ్య” అన్నాడు.

“ఇంక పంపించేస్తారా బాబూ?” అని తల్లి అడిగింది.

సూపరింటెండెంటు ఆమె మొహంలోకి చూడలేదు. “పైకి రాస్తానమ్మా. ఇక ఆలస్యం ఉండదు.”

ఆమె పరుగులాంటి నడకతో కొడుకు దగ్గరికి వెళ్ళి, అతని మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. “విన్నావా నాన్నా? ఇక ఆలస్యం ఉండదట!”

“నువ్వు పట్టుబట్టావంటే ఇంతే కదమ్మా,” అని అతను నవ్వి, ఆ చేతుల్ని అలాగే ఉంచుకున్నాడు.

జబ్బుగా ఉన్న ఖైదీని ఉరి తీయరు.