మడత లోపలి ఫోటో

కారు జగన్మోహన్ గారి ఇంటి ముందు పెట్టకుండా, ఎందుకైనా మంచిదని రెండు వీధుల అవతల పెట్టింది వేద. అక్కడి నుంచి మంచులో నడిచి వచ్చింది. వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు.

తలుపు ఆయనే తీశారు. డెబ్బై దాటిన మనిషి, రిషితనీ తననీ ఎరిగిన తెలుగు పెద్దాయన. “రామ్మా” అంటూ నవ్వారు గానీ, ఆ చూపు ఆమె ముఖం మీద కాకుండా చెవి పక్కన ఎక్కడో ఆగింది. ఆమె లోపలికి రాగానే తలుపు మూసి గడియ వేశారు.

“రిషిత ఉన్న పుస్తకం వచ్చింది. నువ్వొక్కదానివే రా” అని ఆయన ఫోన్ చేసినప్పటి నుంచీ వేదకి ముద్ద దిగలేదు.

రిషిత ఆమె రూమ్మేట్. ఎమ్మెస్ ఇద్దరూ కలిసే చదివారు, ఒకే ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేశారు. పోయిన జనవరిలో షామ్‌బర్గ్ స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ మీది నుంచి రైలు కింద పడి రిషిత చనిపోయింది. మంచుకి కాలు జారిందన్నారు. అందరూ నమ్మారు. వేద మాత్రం ఆ రోజు నుంచి కంటినిండా నిద్రపోయింది లేదు. రిషితకి రావలసిన ఉద్యోగం వేదకే ఇచ్చారు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

ఆయన గోడ పట్టుకుని ముందు నడుస్తూ బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లారు. అరల నిండా పుస్తకాలే. జగన్మోహన్ గారికి జపాన్ ఫోటో పుస్తకాల పిచ్చి. అది అలాంటిలాంటి పిచ్చి కాదు. ఎనభైల్లో టోక్యోలో ఉద్యోగం చేసే రోజుల్లో పూట భోజనాలు మానుకుని మరీ కొన్నారట. దొరికినవాళ్లని కూర్చోబెట్టి చెప్పకుండా వదలరు.

“మనం ఫోటోని ఫ్రేమ్ కట్టి గోడకి కొడతాం. వాళ్లకి పుస్తకమే అసలు వస్తువు. కాగితం, ఇంకు, ఏ ఫోటో తర్వాత ఏది రావాలి, అంతా లెక్కే. చిన్నప్పుడు యుద్ధం చూసిన కుర్రాళ్లు కొందరు పెద్దయ్యాక అందంగా తీయడం మానేశారమ్మా. గరుగ్గా, మసగ్గా తీశారు. ఈ నలుపు చూడు, వేలికి అంటుకునేలా లేదూ?”

వేదకి ఆ నలుపుతో పని లేదు.

“రిషిత ఉన్నది ఏదంకుల్?”

బల్ల మీద నల్లటి అట్టపెట్టె ఉంది. అందులోంచి తీసి ఇచ్చారు. ఏడాదిపాటు స్టేషన్‌లో ఎదుటి ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, ఎవరినీ అడక్కుండా ఆయన తీసిన ఫోటోలు.

“రోజూ ఎనిమిదింబావు రైలుకి వచ్చేది ఆ పిల్ల. బూట్లు టకటకలాడించుకుంటూ. ఆ చప్పుడు కోసమే వెళ్లేవాణ్ణి” అన్నారు తాపీగా.

వేద తలెత్తి ఆయన వైపు చూసింది.

“ఆ రోజు కూడా మీరు అక్కడనే ఉన్నరా?”

“ఉన్నాను.”

ఆ మాట ఇన్నాళ్లూ ఆయన ఇక్కడ ఎవరితోనూ అనలేదు.

ఆమె గబగబా అట్ట తెరవబోయింది. “అటు కాదమ్మా. కుడి నుంచి తిప్పాలి. వాళ్ల పద్ధతి” అన్నారు.

తిప్పింది. టోపీలు, గొడుగులు, నోటి ఆవిర్లు. జనంలో రిషిత భుజం. ఇంకో పేజీలో ఆమె జడ. తర్వాత మంచు, ఖాళీ ప్లాట్‌ఫామ్. చివరి పేజీ. ఆ రోజుది ఎక్కడా లేదు. వేద గుండెల నిండా ఊపిరి పీల్చుకుని పుస్తకం మూసింది.

“చూసిన అంకుల్. ఇగ వెళ్తా.”

“అప్పుడే ఎక్కడికి? నువ్వు సగమే చూశావు.”

ఆయన మళ్లీ పుస్తకం తెరిచి ఒక పేజీని వేళ్ల మధ్య నలిపారు. ఒక్కో పేజీ నిజానికి రెండుగా మడిచిన కాగితం. మడత బయటి అంచున ఉంది, లోపల సంచీలాగా బోలుగా ఉంది.

“లోపల కూడా అచ్చేస్తారు. చూసేవాళ్లే కోసుకోవాలి.” సొరుగు లాగి పొడుగాటి వెదురు కత్తి తీశారు. దాని మొన ఆమె వైపే ఉంది. “చివరి మడతలో ఆ రోజుది ఉంది.”

వేద మెట్ల వైపు చూసింది.

“ఇంకెవరన్నా చూసిన్రా?”

“క్యోటోలో మా ఫ్రెండ్. ప్రింట్ చేసింది వాడే. ఉన్నది ఈ ఒక్క కాపీయే. ఫిల్మ్ కూడా ఆ పెట్టెలోనే పంపాడు.”

“మరి మీరు?”

“నాకేం కనిపిస్తుందమ్మా? చూపు పోతోందని డాక్టర్ చెప్పాకే ఈ పుస్తకం మొదలుపెట్టా. చివర్లో చప్పుడు వినపడ్డ వైపు నొక్కేవాణ్ణి. ఆ రోజూ బూట్ల చప్పుడు విన్నా, నొక్కా. ఆ వెంటనే అరుపులు.” ఆయన కత్తి బల్ల మీద పెట్టారు. “ఆ పిల్ల వెనక ఏదో నల్లగా ఉందంటాడు మావాడు. మనిషో స్తంభమో ఆ గరుకులో తేలట్లేదట. వాడెప్పుడూ మన స్టేషన్ చూళ్లేదు. నీకైతే తెలుస్తుందని పిలిచా. మనిషైతే రేపు పొద్దున్నే పోలీసులకి ఇచ్చేద్దాం. స్తంభమైతే నా మనసన్నా కుదుటపడుతుంది.”

వేద కత్తి అందుకుంది. మడత వెంట నెమ్మదిగా కోసింది. కాగితం చప్పుడు వైపు ఆయన చెవి పెట్టారు.

పేజీ విచ్చుకుంది. ఆమె దాన్ని దీపం దగ్గరికి లాక్కుంది.

“మనిషేనా అమ్మా?” అడిగారాయన.

ఆ నల్లటి మరకలోంచి, రైలు వైపు తిరిగిన రిషిత వీపు మీదికి చాచి ఉన్న తన రెండు చేతులనూ చూసుకుంటూ, “స్తంభమే అంకుల్” అంది వేద.