కోయని మొక్క

"ఏడ్చావంటే చూడు, ఈ పెళ్ళి మానేసి ఇక్కడే కూర్చుంటాను" అంది పిల్ల, జడ అల్లుకుంటూ.

"ఎవరేడుస్తున్నారే? మొక్కలకి మందు కొట్టాను, కళ్ళు మండుతున్నాయి" అంది ఆకులమ్మ.

మందు కొట్టి పది రోజులైంది. ఆ సంగతి పిల్లకీ తెలుసు.

ఆకులమ్మ అసలు పేరు ఆమెకే గుర్తుందో లేదో. నాలుగు మంచాలు వేస్తే నిండిపోయే పెరడు ఆమెది. అందులోనే ఫెర్నులు, క్రోటన్లు, పేరు తెలియని మరో పది రకాలు. ఊళ్ళో పూలగుత్తులు కట్టే కొట్లన్నిటికీ పూల వెనక పెట్టే ఆకులు వెళ్ళేది అక్కణ్ణుంచే. అలా ఆ పేరు స్థిరపడిపోయింది.

పిల్ల ఆ కొట్లలో ఒకదాంట్లో పూలు అమరుస్తుంది. తెల్లారగానే ఇద్దరూ కలిసి ఆకులు కోసేవారు. లేతాకు జోలికి పోకూడదు, గంటలో తల వాల్చేస్తుంది. ముదురాకే కోయాలి. కాడ చివర ఏటవాలుగా కత్తిరించి, కింది ఆకులు దూసేసి, బకెట్లో మెడలోతు నీళ్ళు పోసి నీడన పెట్టాలి. మొదట్లో కత్తెర తిరగేసి పట్టుకునే పిల్లకి ఇవన్నీ తిట్టి తిట్టి నేర్పింది ఆకులమ్మే.

ఇవాళ పదకొండింటికి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి. అటునుంచి అటే అబ్బాయి ఉద్యోగం చేసే ఊరికి ప్రయాణం. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. సంబంధం వెతికింది ఆకులమ్మే. వద్దు మొర్రో అంటున్న పిల్ల వెంట ఆరు నెలలు పడి ఒప్పించిందీ ఆమే.

ఇప్పుడు తన కంట్లో ఒక్క చుక్క కనబడితే చాలు, ఆ పిల్ల ఆగిపోతుంది. అందుకే కారు వీధి మలుపు తిరిగేదాకా ఏడవకూడదు. తర్వాత బతికినన్నాళ్ళూ ఏడ్చుకోవచ్చు, అడిగేవాళ్ళుండరు.

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

"నీది గుండా, బండా? నేనైతే చచ్చినా ఈ పని చెయ్యలేనమ్మా."

"చెయ్యలేవనేగా నిన్నడగలేదు. పోయి నీ స్టవ్వు మీద పాలు చూసుకో, పొంగుతున్నాయి."

పిల్ల వంటగది గట్టు మీద తన పెళ్ళి గుత్తి తనే కడుతోంది. తెల్ల గులాబీలు పన్నెండు. వాటి చుట్టూ ఫెర్ను ఆకులు సర్దుతోంది.

"పెళ్ళికూతురి చేతిలో ఫెర్నా?" అంది ఆకులమ్మ. "ఎవరో ఆఫీసరు బల్ల మీంచి ఎత్తుకొచ్చినట్టుంది. ఉండు."

కత్తెర తీసుకుని పెరటి మూలకి నడిచింది. అక్కడ పెద్ద కుండీలో వెండి రంగు ఆకుల నీలగిరి మొక్క ఉంది. పూల కొట్ల వాళ్ళు దానికోసం ప్రాణం పెడతారు. కోస్తూ ఉంటే గుబురుగా, గుండ్రటి ఆకులతో వస్తుంది. ఇది మాత్రం సన్‌షేడు దాటి, పైకి పోయేకొద్దీ ఆకు సన్నబడి, అడ్డదిడ్డంగా పెరిగిపోయింది. మోకాలి ఎత్తులో ఒకే ఒక్క పాత కోత. అది తప్ప కత్తెర ఎరగదు.

హాల్లో ఫొటోలో ఉన్న మనిషి నాటిన మొక్క అది. ఆ మనిషి పోయిన దగ్గర్నుంచి ఆకులమ్మ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

పిల్ల పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, అది వద్దు! నాకు ఫెర్ను చాలు."

"నోర్ముయ్. ఫొటో దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చావా?"

"చెప్పాను."

"ఏమన్నట్టుంది?"

పిల్ల పెదవి కొరుక్కుంది. "వెళ్ళమన్నట్టే ఉంది."

"నాతోనూ అదే మాట. ఇంకేం మరి, తప్పుకో."

రెండుసార్లు కత్తెర జారింది. మూడోసారి కొమ్మ కటుక్కున తెగింది. పెరడంతా ఘాటైన ఆకు వాసన. ఆకులమ్మ గబగబా తొట్టి మీదకి వంగి మొహం మీద నీళ్ళు కొట్టుకుంది.

గులాబీల మధ్య వెండాకులు పెట్టేసరికి గుత్తికి ప్రాణం వచ్చింది.

పదింటికి కారు వచ్చింది. అబ్బాయి దిగి, గుమ్మంలో చెప్పులు విప్పాడు.

"అత్తయ్యా, బయల్దేరమంటారా?"

ఆకులమ్మ ఉలిక్కిపడింది. ఆ ఇంట్లో ఆమెని ఎవరూ, ఎప్పుడూ అలా పిలవలేదు.

"బయల్దేరండి బాబూ. నేను రాను. ఎండెక్కితే మొక్కలు వాడిపోతాయి."

పిల్ల ఆమె మెడ చుట్టేసింది. "రేపట్నుంచి నీతో ఎవరు కోస్తారమ్మా ఆకులు?"

"నాకు చేతుల్లేవా? నువ్వు రాకముందు కోయలేదా? పో, గుత్తికి ఎండ తగలనివ్వకు."

కారు కదిలింది. పిల్ల కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తూనే ఉంది. ఆకులమ్మ నవ్వుతూ చెయ్యి ఊపింది. కారు మలుపు తిరిగింది.

పెరట్లోకి వచ్చి కుండీ పక్కన కూలబడింది. గుక్కపట్టి ఏడ్చింది. పక్కింటావిడ గోడ దగ్గరికి వచ్చి, పలకరించే ధైర్యం చాలక వెనక్కి వెళ్ళిపోయింది.

చాలాసేపటికి ఆకులమ్మ కళ్ళు తుడుచుకుంది. కొత్త కోత ఇంకా తడిగానే ఉంది. దాని కింద, మోకాలి ఎత్తులో ఉన్న పాత కోతని వేలితో తడిమింది.

అది కూడా ఆమె కోసిందే: నాలుగేళ్ళ కిందట, ఇదే పిల్ల చేతిలో గుత్తి కోసం, ఫొటోలో ఉన్న తన కొడుకు పెళ్ళి రోజున.