చెప్పుల దొంగ

"పట్టుకోండి! నా చెప్పులు ఎత్తుకపోతుండు!"

శామీర్‌పేట చెరువుకట్ట మీద బురఖా వేసుకున్న పిల్ల వట్టికాళ్లతో పరుగెత్తుకొస్తోంది. ముందు ఓ నెరిసిన గడ్డపాయన, చంకలో ఆమె చెప్పులు.

చాయ్ బండి దుర్గాబాయి అడ్డంపడి అతని గల్లా పట్టింది.

"మళ్లా అదే పనా! సిగ్గులేదురా నీకు?"

చెంప మీద ఒక్కటిచ్చి, చెప్పులు గుంజి పిల్లకిచ్చింది. ఆ పిల్ల బల్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పాత చెప్పులకు ఇంత ఏడుపేమిటో దుర్గాబాయికి అర్థం కాలేదు.

"అక్కా, ఆ బిడ్డకు చాయ్ పొయ్యి. మేడ్చల్ బస్సెక్కించు," అన్నాడు దొంగ.

"దొంగతనం జేసి నాకే పని జెప్తున్నవా?"

తిట్టుకుంటూనే పోసింది. బస్సూ ఎక్కించింది.

పేరు నరసింహ అంటాడు. ఇల్లూ వాకిలీ లేదు, బండి పరదా కిందే పడుకుంటాడు. ఆదివారం షికారుకొచ్చిన కుటుంబాల చెప్పులు కుప్పగా పడున్నా ముట్టడు. ఒంటరిగా వచ్చినవాళ్లవే ఎత్తుకుని ఉరుకుతాడు. ఒంటివాళ్లయితే తన్నరని ధైర్యం కాబోలనుకుంది దుర్గాబాయి. ఇంతా చేసి అతని కాళ్లకు చెప్పులుండవు.

వానలు పట్టిన రోజుల్లో ఓ పొద్దున బండి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మనసు మంచిగ లేదక్కా. ఇగ బతుకబుద్ధి అయితలేదు. జరసేపు నాతోని ముచ్చట పెట్టవా?"

"గిరాకి టైముల నీ ముచ్చటేందిరా? చెప్పులదొంగ ఉంటడని నా బండికాడికి ఎవ్వరు వస్తలేరు. ఇగ ఇక్కడ పండకు. పో!"

అతను నీళ్లకేసి చూశాడు. దుప్పటి మడిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. పీడ విరగడైందనుకుంది దుర్గాబాయి.

మర్నాడు చెరువులో తేలాడు.

"కాలు జారిందేమో," అన్నారు జనం. "కావాలని దిగెటోళ్లు కట్ట మీద చెప్పులు ఇడుస్తరు గదా, ఈడ చెప్పులే లేవు." దుర్గాబాయి ఆ మాటే పట్టుకుని మనసు కుదుటపరచుకుంది.

కొన్నాళ్లకు ఆ బురఖా పిల్ల మేడ్చల్ బస్సు దిగింది. చేతిలో మగవాళ్ల కొత్త చెప్పుల జత.

"ఆ తాత ఏడి అక్కా? ఇవి ఆయనకే."

"చచ్చిపోయిండు బిడ్డా. అయినా, నీ చెప్పులు ఎత్తుకపోయిన దొంగకు చెప్పులు తెచ్చినవా?"

పిల్ల ఆ జతను గుండెకు హత్తుకుంది.

"ఆయన ఎత్తుకొని ఉరికిండు గాబట్టే నీళ్లల్ల దిగబోయినదాన్ని తిరిగి ఆయన ఎనుక ఉరికిన. ఆ దినం నేను చెప్పులు ఇప్పింది మళ్లా తొడుక్కుందామని కాదక్కా."