ఏడో షరతు

అంబులెన్స్ పదకొండింటికి వస్తుందని శోభారాణి చెప్పగానే వీరభద్రం గోడ గడియారం వైపు చూశాడు. పదిన్నర. పక్క మంచం మీద మొగిలయ్య కళ్లు మూసుకునే నవ్వాడు.

"సేటూ, తానం జేపిచ్చి, తెల్లబట్టలేసి పెండ్లికొడుకును జేసిండ్రు నన్ను. ఊరేగింపుకు నువ్వు రావా?"

హన్మకొండలోని ఆ వృద్ధాశ్రమంలో ఈ ఇద్దరిదీ మూడేళ్ల సావాసం. మొగిలయ్య వర్ధన్నపేట దగ్గర పత్తి పండించిన రైతు. వీరభద్రం వరంగల్ బజారులో బట్టలమ్మిన వ్యాపారి. మొగిలయ్యకు నోరు ఆగదు, వీరభద్రానికి చెయ్యి ఆగదు. ఖాళీ గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే వెళ్లి బంద్ చేసేదాకా ఆయనకు ముద్ద దిగదు. కొందరికి పొదుపు జబ్బులా పట్టుకుంటుంది. దానికి మందు లేదు.

మొగిలయ్య జబ్బుకూ లేదు. నాలుగైదు రోజుల కంటే కష్టమని డాక్టర్ చెప్పాడు. దవాఖానకు తీసుకెళ్లినా చేసేదేమీ లేదని కూడా చెప్పాడు. నొప్పికి మందు ఎప్పుడివ్వాలో, ఎండిన పెదవులకు తడి ఎలా అద్దాలో, మనిషిని ఎలా ఒత్తిగిల పడుకోబెట్టాలో ఆశ్రమం చూసుకునే శోభారాణి పోయిన నెలే శిక్షణకు వెళ్లి నేర్చుకొచ్చింది. నేర్చుకుని ఏం లాభం?

అది కిరాయి ఇల్లు. లోపల ఎవరి ప్రాణమూ పోకూడదని ఇంటి ఓనర్ అగ్రిమెంటులో ఏడో షరతు రాయించాడు. అందుకే ఆశ్రమంలో ఇప్పటిదాకా ఒక్కరూ పోలేదు. అందరూ తోవలోనో, దవాఖాన వరండాలోనో పోయారు. చెప్పుకోవడానికి ఎంత బాగుందో!

"మొన్నటిదాక ఈడున్న యాకమ్మను దవాఖానకు తీస్కపోయిన నాడు ఆమె గేటు పట్టుకొని ఇడువలే," అంది శోభారాణి, దుప్పటి సర్దుతూ, ఎవరి వైపూ చూడకుండా. "మొగిలి బాపును గట్ల పంపుడు నాతోని గాదు. ఇంతకుముందు మూడుసార్లు అడిగిన. ఓనర్ ఇననే ఇనలే. ఆ షరతు తీసేస్తే ఆయన సొమ్మేం బోతది?"

వీరభద్రం గొంతు సవరించుకున్నాడు.

"ఓనర్ బాధ ఓనర్‌ది. చెడు నక్షత్రంల పాణం బోతే ఆర్నెల్లు ఇల్లు పాడువెట్టాలె. అప్పుడు ఇంతమంది ముసలోళ్లు యాడికి పోతరు? ఇల్లు కట్టినోనికి తెలుస్తది ఆ ఫికర్."

"అవు బిడ్డా, ఓనర్‌ను ఏమనకు," అన్నాడు మొగిలయ్య. "మంచోడే. జర పిరికోడు. సావంటే గాదు, పక్కింటోళ్లు ఏమంటరో అని."

"ఓనర్ సంగతి నీకేం ఎర్క?" వీరభద్రానికి కోపం వచ్చింది.

"మూడేండ్ల సంది ఈ ఇంట్లనే ఉంటి. ఆ మాత్రం తెల్వదా?"

ఆయాసం తగ్గాక మొగిలయ్య మళ్లీ అందుకున్నాడు.

"నాకు పెద్ద కోరికలేం లేవు సేటూ. పొద్దుగాల నువ్వు పేపరు సదువుతవు సూడు, పత్తి రేటు కాడికెల్లి సావు వార్తల దాక. అది ఇనుకుంట పోవాల్నని ఉండె. నీ గొంతు ఇంటే ఎసొంటోనికైనా నిద్ర వడ్తది."

వీరభద్రం తల వంచుకున్నాడు. తనకు పత్తి రేటుతో పనేముంది? మూడేళ్లుగా గొంతు చించుకుని చదివింది ఈ మనిషి కోసమే. రేపటి నుంచి ఆ ఖాళీ మంచం పక్కన కూర్చోవాలంటే ఆయనకు భయమేసింది.

"నక్షత్రం చెడ్డదైతే?" అన్నాడు చిన్నగా.

"పంచాంగం తెప్పియ్యి. మంచి గడియ నువ్వే జూసి చెప్పు, గప్పుడే పోత. అటీటైతే జర ఊపిరి పట్టుకుంట."

శోభారాణి నవ్వబోయి ఏడ్చేసింది.

గేటు దగ్గర హారన్ మోగింది. అంబులెన్స్ పావుగంట ముందే వచ్చింది. మన ఊళ్లో ఏ బండీ ఇంత తొందరగా రాదు.

వీరభద్రం మంచం పట్టీ పట్టుకుని లేచాడు. "శోభా, ఆ అగ్రిమెంటు తే."

ఎందుకని ఆమె అడగలేదు. పరుగున వెళ్లి బీరువాలోంచి కాగితాలు తెచ్చి, పెన్ను మూత తీసి మరీ అందించింది. వీరభద్రం కళ్లద్దాలు పెట్టుకుని ఏడో షరతు వెతికాడు. దాని మీద అడ్డంగా ఒక గీత గీశాడు. సరిగ్గా పడలేదేమోనని ఇంకో గీత గీశాడు.

కొట్టివేత పక్కన ఇంటి ఓనర్ సంతకం ఉండాలి కనుక, వీరభద్రం తన సంతకం పెట్టాడు.